కాయిల్ మీద మంచు

బయట నలభై ఏడు డిగ్రీలు.
సల్మాబాద్ గ్యారేజీల రేకులు
పెనం లెక్క కాలుతున్నయి.
మా రూముల మాత్రం ఒకటి గడ్డకట్టింది.

బాణం గుర్తు కదలదు.
నడుమ చిన్న చక్రం తిరుగుతనే ఉంటది
గానుగెద్దు తీరు,
నూనె మాత్రం రాదు.

"ఏసీ మెకానిక్‌వే గద, చూడరాదు" అన్నడు గంగరాజం.
వాని లెక్కల కరెంటుతోటి నడిచేదంత ఒకటే కులం.
బ్రౌజరంటే నాకేం ఎరుక?
ఎరుకైంది ఒక్కటే:
చల్లటి మిషను గడ్డకట్టిందంటే
చలువ ఎక్కువై కాదు,
గాలి ఆడక.

అందుకే ముందుగాల డబ్బా పక్కరేకు ఇప్పిన.
లోపల దుమ్ము. ఇసుక కన్న సన్నది.
పోయిన నెల మూడు దినాలు కొట్టిన తురాబు
ఫ్యాను రెక్కలకు పసుపు రాసినట్టు పట్టింది.
పెయింటు బ్రష్షుతోటి దులిపిన.
ఒక చచ్చిన చీమ, ఒక అంగి గుండీ.
గుండీ ఎవరిదో ఎవ్వరూ చెప్పలే.

మళ్ల పెట్టిన. లేచింది.
నాలుగు నిమిషాలు మంచిగనే నడిచింది.
అయిదో నిమిషానికి అదే చక్రం.

ఈ డబ్బా మాకు అమ్మిన
కాసర్‌గోడు ఉస్మానుకు ఫోన్ కొట్టిన.
"హిస్టరీ తుడిచెయ్" అన్నడు.
చరిత్ర తుడుచుడు
పెద్ద మాట అనిపించింది గని తుడిచిన.
"క్యాష్ తుడిచెయ్" అన్నడు.
స్పీకర్‌ల ఇన్న లింబయ్య మంచం మీదికెళ్లి దునికిండు:
"ఆగురా, పొద్దుగాల్నే పంపిన,
ఇంటికి ఇంక ముట్టలే!"

"కిటికీలెన్ని తెరిచిన్రు?" అన్నడు ఉస్మాను.
లెక్కపెట్టిన. ముప్పై ఒకటి.
మేం ఏడుగురం.

ఒక దాంట్ల దినారుకు ఎన్ని రూపాయలు.
ఇంకొక దాంట్ల దినారుకు ఎన్ని రూపాయలు, నిన్నటిది.
"నిన్నటి ధర బాగుండె, ఉండనీ" అన్నడు లింబయ్య.
ఖాజామియా బిడ్డ నర్సింగు కౌన్సెలింగు.
రక్తం గ్రూపు కాడ ఆగిపోయిన లైసెన్సు ఫారం.
ఒక బోరు మోటరు, కొంటడో కొనడో,
పోశెట్టి రాత్రికొకపారి వచ్చి చూసి పోతడు.
తొంభై రెండో నిమిషంల నిలబడ్డ సినిమా,
చూసేటోడు నైట్ డ్యూటీకి మారి నెలాయె.
ఏది మూద్దమన్నా
ఒక మంచం కిర్రుమంటది.

మూడు మీటలు ఒక్కపారి ఒత్తితే
ఎవడెంత తింటున్నడో జాబితా వస్తదట,
మా మెస్సు లెక్కల బుక్కు తీరు.
వచ్చింది.
అన్నిటికన్న పైన,
సగం మెమరీ ఒక్కతే మింగుతున్నది
ఏ మంచానికీ చెందని కిటికీ.

మేకల ఆశన్నది.
ఆయన ఊరికి మళ్లి ఆరు నెలలు,
ఆ మంచం ఇప్పుడు బిహారు పిల్లగానిది.
పదకొండేండ్ల సర్వీసు పైసల కేసు.
పరిశీలనలో ఉన్నది, అని ఒకటే ముక్క.
అర నిమిషానికోపారి తనంతల తనే అడుగుతది,
అదే జవాబు తెచ్చుకుంటది,
పాతది పారెయ్యకుంట కొత్తది పేరుస్తది.
పొర మీద పొర.
ఈ మంచును నేను గుర్తుపట్టిన.

నా చెయ్యి మౌసు మీద.
మూసే గుర్తు
గింజంత కూడ ఉండదు.
రూముల ఎవ్వరూ మాట్లాడుతలేరు.

గంగరాజం లేచి పెన్సిలు తెచ్చిండు.
గోడ మీద గ్యాస్ బండోని నంబరు కింద
కేసు నంబరు రాసిండు.
తెర దిక్కు చూసిండు, గోడ దిక్కు చూసిండు,
ఒక సున్న దిద్దిండు.
"దినానికి ఒక్కపారి మనమే అడుగుదం.
మిషనుకెందుకు ఆ పని."

మూసిన.
ఫ్యాను చప్పుడు మెల్లగ దిగింది.
బాణం గుర్తు నీళ్లల్ల ఇడిసిన చేపపిల్ల లెక్క ఉరికింది.

ముందుగాల కూసున్నది లింబయ్యనే.
నిన్నటి ధర పక్కన ఇయ్యాల్టి ధర తెరిచిండు.
రెండూ ఉండనీ అన్నడు.

తెల్లారి నాలుగున్నరకు
బస్సు హారన్ కొడుతుంటే బూట్లు తొడుగుతున్న.
గోడ మీది నంబరు పక్కన
ఎవరో చిన్న గీత గీసిన్రు.
ఒకపారి అడిగినట్టు.